ఓటు మనది, బీ ఫారం ఎవరిది?

ఎన్నికలొచ్చినప్పుడల్లా మన పత్రికల జిల్లా పేజీల్లో ఒక శీర్షిక తప్పకుండా వస్తుంది. 'మహిళా ఓట్లే కీలకం.' కరీంనగర్‌లో ఇంతమంది, జగిత్యాలలో ఇంతమంది, నిర్మల్‌లో ఇంతమంది అని పట్టిక వేసి, స్త్రీల ఓట్లు పురుషుల కంటే ఎక్కడెక్కడ ఎక్కువున్నాయో చూపిస్తారు. ఆ కిందే అభ్యర్థుల ఫొటోలుంటాయి. వాటిలో ఒక్క ఆడమనిషి ముఖం కోసం వెతుక్కోవాలి. ఓటు వేసేటప్పుడు అంత కీలకమైన మనిషి టికెట్ ఇచ్చేటప్పుడు ఎందుకు కాకుండా పోతుందన్న ప్రశ్న మాత్రం ఆ వార్తలో ఉండదు.

నేను కరీంనగర్‌లో డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం చెప్తాను. సిలబస్‌లో ఓటింగ్ ప్రవర్తన అని ఒక అధ్యాయం ఉంది. పార్టీ అనుబంధం, పోలింగ్ శాతం, ఊగిసలాడే ఓటరు, గత పాలనను బేరీజు వేసి వేసే ఓటు, జెండర్ అంతరం వంటి భావనలు అందులో వస్తాయి. ఇవన్నీ దాదాపు అమెరికా ఎన్నికల అధ్యయనాల్లో పుట్టినవే. పరాయి దేశంలో పుట్టాయి కాబట్టి పనికిరావని నేననడం లేదు. కానీ ఏ భావనైనా కొందరిని దగ్గరగా చూసి, మరికొందరిని దూరం నుంచి చూసి తయారవుతుంది. ఈ భావనల్లో దూరం నుంచి చూసింది ఎక్కువగా ఆడవాళ్లనే. వాటిని ఉత్తర తెలంగాణ పల్లెలకు తెచ్చి ఆనించినప్పుడు ఇక్కడి స్త్రీ ఓటు రెండే రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి మొగుడి మాట మీద వేసిన ఓటు. రెండోది చీరకో, పింఛనుకో అమ్ముకున్న ఓటు. ఈ రెండు చూపులూ ఆమె ఆలోచనను లెక్కలోకి తీసుకోవు. ఆమెను నిజంగా ఆపుతున్న చోటేదో కూడా మనకు చూపించవు. ఆ చోటు పోలింగ్ బూత్ కాదు, పార్టీ ఆఫీసు అన్నది నా వాదన.

నలభై ఐదుగురు, నలుగురు

1940 అధ్యక్ష ఎన్నికలప్పుడు ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో పాల్ లాజర్స్‌ఫెల్డ్, బెర్నార్డ్ బెరెల్సన్, హేజెల్ గాడెట్ కొన్ని నెలలపాటు ఓటర్లను మళ్లీ మళ్లీ కలిసి మాట్లాడారు. ఆ అధ్యయనం 1944లో 'ది పీపుల్స్ ఛాయిస్' అనే పుస్తకంగా వచ్చింది. ఓటు ఒంటరి మనిషి నిర్ణయం కాదనీ, కుటుంబం, మతం, చుట్టూ ఉన్న మనుషులు కలిసి దాన్ని తీర్చిదిద్దుతారనీ అది చెప్పింది. మంచి మాటే. అందులోనే ఒక చిన్న లెక్క ఉంది. ఎన్నికల గురించి భర్తతో మాట్లాడామని 45 మంది స్త్రీలు చెప్పారు. అంతేమంది మగవాళ్లను తీసుకుంటే భార్యతో మాట్లాడామన్నవాళ్లు నలుగురే. మగవాళ్లు భార్యతో చర్చిస్తున్నామని అనుకోరు, ఆమెకు చెబుతున్నామని అనుకుంటారని ఆ రచయితలే వ్యాఖ్యానించారు.

ఆ అంకెను పట్టుకొని ఇంటి లోపలి అధికారం గురించి మాట్లాడి ఉండొచ్చు. భార్య మాట కూడా భర్త ఓటులో చేరిందేమో, అతనది గుర్తుంచుకోలేదేమో అని అడిగి ఉండొచ్చు. తర్వాత వచ్చిన శాస్త్రం అటు వెళ్లలేదు. 1960లో ఆంగస్ కాంప్‌బెల్, ఫిలిప్ కాన్వర్స్, వారెన్ మిల్లర్, డొనాల్డ్ స్టోక్స్ రాసిన 'ది అమెరికన్ ఓటర్' ఈ రంగానికి మూలగ్రంథం లాంటిది. రాజకీయాల మీద అంతగా ఆసక్తి లేని భార్య విషయాలు తెలుసుకునే పనీ, ఓటు ఎటన్న నిర్ణయమూ భర్తకే వదిలేస్తుందన్న అభిప్రాయం అందులో స్థిరపడింది. 1974లో సూసన్ బోర్క్, జీన్ గ్రాస్‌హోల్ట్జ్ అనే ఇద్దరు స్త్రీవాద పరిశోధకులు ఈ పుస్తకాలన్నింటినీ తిరగేసి గట్టి విమర్శ చేశారు. మగవాళ్లు చేసే పద్ధతినే రాజకీయమని నిర్వచించుకొని, ఆడవాళ్లు ఆ కొలతకు తగ్గారని తేల్చారన్నారు. మొదటి పరిశోధనలో జాగ్రత్తగా చెప్పిన మాట, ఒకరి ఫుట్‌నోట్‌ను మరొకరు ఎత్తుకుంటూ పోయేసరికి తిరుగులేని వాస్తవంగా ఎలా మారిందో చూపించారు. మన పాఠ్యపుస్తకాలకు 'ది అమెరికన్ ఓటర్' వచ్చి చేరింది. ఈ విమర్శ మాత్రం రాలేదు.

భర్త ఊళ్లో లేనప్పుడు

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్ల సంగతి మనకు తెలుసు. దుబాయి, మస్కట్, సౌదీ అని మగవాళ్లు వెళ్లిపోతే ఇల్లు నడిపేది ఆడవాళ్లే. సొసైటీ అప్పు, పిల్లల ఫీజు, పొలం కౌలు, వీసా కోసం తెచ్చిన బాకీకి మిత్తి, అన్నీ ఆమె చేతి మీదుగానే. 2011 జనగణనలో పాత కరీంనగర్ జిల్లాలో వెయ్యిమంది మగవాళ్లకు 1008 మంది, ఆదిలాబాద్‌లో 1001 మంది ఆడవాళ్లున్నారు. ఇలాంటి చోట భర్త చెప్పాడు, భార్య వేసింది అన్న సూత్రాన్ని ఎలా అన్వయిస్తాం? ఫోన్‌లో చెప్తాడనే అనుకుందాం. చెప్పినవాడు వేల మైళ్ల దూరంలో ఉంటాడు. బూత్‌లో ఆమె ఒక్కతే ఉంటుంది.

ఇదే చోట ఇంకో మాట కూడా జాగ్రత్తగా వాడాలి. పోలింగ్ శాతం. మా వైపు ఆడవాళ్ల పోలింగ్ శాతం మగవాళ్లది దాటిన ప్రతిసారీ మహిళా చైతన్యం వెల్లివిరిసిందని రాస్తారు. గల్ఫ్‌లో ఉన్న మగవాడి పేరు జాబితాలో ఉంటుంది, మనిషి రాలేడు. విదేశంలో ఉన్నవాళ్లు ఇక్కడికొచ్చి స్వయంగా వేస్తే తప్ప ఓటు లేదు. అంటే మగవాళ్ల శాతం తగ్గడంలో వలస కూడా ఉంది. ఆడవాళ్ల వరుస పొడుగ్గా కనిపించడం వెనుక ఖాళీ అయిన ఊరి దుఃఖం కూడా ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద మొదటిసారి స్త్రీల పోలింగ్ శాతం పురుషులది దాటింది. రెండూ 67 శాతం దగ్గరే, తేడా పిసరంత. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో 1980 నుంచే ఇలా జరుగుతోంది. ఈ మార్పును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చైతన్యం అనే ఒక్క మాటతో దాని కారణాలన్నీ కప్పేయొద్దంటున్నాను.

లెక్చరర్లకు ఎన్నికల డ్యూటీ తప్పదు కాబట్టి నేనూ ప్రిసైడింగ్ అధికారిగా పనిచేశాను. బూత్ లోపల కూర్చునే పార్టీ ఏజెంట్లు దాదాపు అందరూ మగవాళ్లే. ఓటర్ల జాబితాలో పెళ్లయిన ఆడమనిషి పేరు కింద భర్త పేరు ఉంటుంది. మగవాడి పేరు కింద భార్య పేరు ఉండదు. పేరడిగితే కొందరు ఇప్పటికీ ముందు భర్త పేరే చెప్పి, ఏజెంటు జాబితాలో వేలు పెట్టి వెతికాక తమ పేరు చెప్తారు. ఒకసారి అత్తగారి ఊరు వదిలి తల్లిగారింట్లో ఉంటున్న ఒకామె వచ్చింది. ఆమె పేరు మా జాబితాలో లేదు. "గక్కడికి పోతె ఓటు కన్నా ముందు మొగుడు ఎదురొస్తడు మేడమ్" అని నవ్వి వెళ్లిపోయింది. ఆ రోజు సాయంత్రం నేను నింపిన కాగితాల్లో ఆమె ఎక్కడా లేదు. పెళ్లితో ఊరు మారినప్పుడల్లా ఓటును వెంట తీసుకుపోవాల్సింది ఆడవాళ్లే. అమెరికాలో ఓటరుగా నమోదు కావడం ఎవరి బాధ్యత వాళ్లది. అందుకే అక్కడ 'నమోదు' అన్నది ఒక పెద్ద భావన. 2025 ఏప్రిల్‌లో అక్కడి ప్రతినిధుల సభ, నమోదుకు పౌరసత్వ రుజువులు చూపాలనే బిల్లును ఆమోదించింది. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకున్న స్త్రీల పుట్టుక ధ్రువపత్రంలో ఒక పేరు, ఇప్పటి కాగితాల్లో ఇంకో పేరు ఉంటుంది కదా, వాళ్లకేమవుతుందని అక్కడి స్త్రీల సంఘాలు అడిగాయి. పెళ్లి మగవాడి ఓటును ఎక్కడా కదిలించదు. స్త్రీ ఓటును రెండు దేశాల్లోనూ కదిలిస్తోంది.

'పార్టీ' అంటే ఏమిటి?

'ది అమెరికన్ ఓటర్' ఇచ్చిన ముఖ్యమైన భావన పార్టీ అనుబంధం. మతం లాగా పార్టీ కూడా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందనీ, దాన్నిబట్టే ఓటరు మిగతా విషయాలన్నీ చూస్తారనీ ఆ పుస్తకం చెప్పింది. మా ఊళ్లలో 1980ల్లో, 90ల్లో పార్టీ అనే మాటకు ముందు ఏ పేరూ పెట్టకుండా 'పార్టోళ్లు' అంటే అర్థం వేరు. 1978 జగిత్యాల జైత్రయాత్ర తర్వాత ఈ ప్రాంతమంతా విస్తరించి, 1980లో పీపుల్స్‌వార్‌గా ఏర్పడిన అన్నల పార్టీ అది. ఆ పార్టీ ఎన్నికలను బహిష్కరించమనేది. పోలీసులు వచ్చి ఓటెయ్యమనేవాళ్లు. అప్పుడు ఓటు వేయకపోవడాన్ని అమెరికా పుస్తకాల్లో లాగా ఉదాసీనత అని ఎలా అంటాం? కొందరికి అది నమ్మకం, కొందరికి భయం. రాత్రి వచ్చినవాళ్లకు అన్నం పెట్టి, పొద్దున వచ్చినవాళ్లకు జవాబు చెప్పిన ఆడవాళ్లకు అది రెండూ కలిసిన స్థితి. పోలింగ్ శాతమనే అంకెలో ఇదేదీ కనపడదు.

ఇప్పటి సంగతి చూద్దాం. 2018 డిసెంబర్ శాసనసభ ఎన్నికల్లో కరీంనగర్ లోక్‌సభ పరిధిలోని ఏడు స్థానాలనూ టీఆర్‌ఎస్ గెలిచింది. కరీంనగర్ అసెంబ్లీకి పోటీ చేసిన బండి సంజయ్ ఓడిపోయారు. కొన్ని నెలలకే, 2019 లోక్‌సభ ఎన్నికల్లో, అదే బండి సంజయ్ అదే ప్రాంతం నుంచి బీజేపీ ఎంపీ అయ్యారు. 2023 డిసెంబర్‌లో మళ్లీ కరీంనగర్ అసెంబ్లీలో 3 వేల పైచిలుకు ఓట్లతో ఓడారు. 2024లో 2 లక్షలకు పైగా మెజారిటీతో మళ్లీ ఎంపీగా గెలిచారు. అంటే ఇక్కడి ఓటరు హైదరాబాద్‌కు ఒకరిని, ఢిల్లీకి ఒకరిని పంపాలని విడివిడిగా లెక్కవేస్తున్నారు. ఈ విభజిత ఓటుకు అమెరికాలోనూ పేరుంది. అయితే అక్కడ ఒకే రోజు ఒకే బ్యాలెట్ మీద వేరువేరు పార్టీలకు వేయడాన్ని అలా అంటారు. ఇక్కడ నెలల తేడాతో అదే మనిషిని ఒక పనికి కాదని ఇంకో పనికి అవునన్నారు. అది బాగుందా లేదా అన్నది వేరే చర్చ. ఇది పుట్టుకతో వచ్చిన అనుబంధం మాత్రం కాదు. వీధి చివర చర్చల్లో మగవాళ్లు 'మాది ఫలానా పార్టీ' అని గట్టిగా చెప్పుకుంటారు. ఆడవాళ్లు చెప్పరు. చెప్పకపోవడాన్ని అజ్ఞానమని లెక్కకట్టిన సర్వేలు చాలా ఉన్నాయి. ఇంట్లో గొడవ లేకుండా తన ఓటు తానే వేసుకోవాలంటే నోరు విప్పకపోవడమే మేలని ఆమె ఎంచుకుని ఉండొచ్చుకదా.

అమ్ముకున్నదా, లెక్క అడిగిందా?

మోరిస్ ఫియోరినా 1981లో రాసిన పుస్తకం ఓటును గత పాలన మీద తీర్పుగా చూడమంది. అంతకుముందు 1966లో వచ్చిన వి.ఓ.కీ చివరి పుస్తకం ఓటర్లు మూర్ఖులు కారని వాదించింది. ఈ భావన ఇక్కడి బీడీ కార్మికుల దగ్గర ఎంత బాగా పనిచేస్తుందో చూడండి. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీ చుట్టే వేలమంది దాదాపు అందరూ ఆడవాళ్లే. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. కార్ఖానాలో ఎన్ని బీడీలు తీసిపడేశారో, తంబాకు ఎంత తక్కువ తూచారో వేళ్ల మీద చెప్పగలరు. 2014 నవంబర్‌లో ఆసరా పింఛన్లు మొదలయ్యాయి. ఆ తర్వాత బీడీ కార్మికులకూ నెలకు 1000 రూపాయల జీవనభృతి వచ్చింది. 2019లో అది 2016 రూపాయలైంది. పీఎఫ్ ఖాతా ఉన్నవాళ్లకే అన్న నిబంధన వల్ల పక్కపక్కన కూర్చుని ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరికి వచ్చి ఒకరికి రాలేదు. ఎవరికొచ్చింది, ఎవరికి రాలేదు, ఎందుకు రాలేదు అన్న లెక్కను ఓటు దాకా తీసుకుపోతే దాన్ని మన వ్యాఖ్యాతలు ప్రలోభం అంటున్నారు. రైతు మద్దతు ధర చూసి ఓటేస్తే, ఉద్యోగి పీఆర్‌సీ చూసి ఓటేస్తే ప్రలోభం అనడం లేదు. వాళ్లకు ప్రయోజనాలుంటాయి, ఆడవాళ్లు లబ్ధిదారులు మాత్రమే. ఈ 'లబ్ధిదారు' మాటను మనం కొంచెం అనుమానించాల్సి ఉంది.

2021 హుజూరాబాద్ ఉప ఎన్నిక ఇంకా కష్టమైన ఉదాహరణ. టీఆర్‌ఎస్ వదిలిన ఈటల రాజేందర్ బీజేపీ నుంచి నిలబడ్డారు. ఆగస్టులో అక్కడే దళితబంధు మొదలైంది. కుటుంబానికి 10 లక్షల రూపాయలు. ఓటుకు ఇంతని డబ్బులు పంచుతున్నారన్న వార్తలొచ్చాయి. తమకు అందలేదని కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు రోడ్డెక్కారు. రాష్ట్రమంతా ముక్కున వేలేసుకుంది. ఆ దృశ్యాలు చూసి నాకూ ఇబ్బందిగానే అనిపించింది. కానీ డబ్బు పంచిన మగవాళ్ల ముఖాలు మనకు ఏ టీవీలోనూ కనపడలేదు. అడిగిన ఆడవాళ్ల ముఖాలే కనపడ్డాయి. సిగ్గుపడాల్సిన బాధ్యత వాళ్లకే అప్పగించాం. పోలింగ్ 86 శాతం దాటింది. అన్ని పథకాలూ కుమ్మరించిన అధికార పార్టీ ఓడిపోయింది. ఓటు సరుకే అయితే కొన్నవాడికే దక్కాలి. తీసుకున్న డబ్బును బాకీగా కాకుండా తమకు రావలసిన దానిలో కొంత అనుకుని, ఓటును వేరుగా ఉంచుకున్నారంటే ఆ ఓటరును అమ్ముడుపోయిందనడం సరైన వర్ణన కాదు. డబ్బు పంపిణీని నేను సమర్థించడం లేదు. డబ్బు లేని ఆడవాళ్లను అభ్యర్థిత్వం దరిదాపులకు రానీయకుండా చేసేది ఆ డబ్బే. అందుకే నేరాన్ని దాని అసలు చిరునామాలో వెతకాలంటున్నాను.

లెక్క అడగడం మనకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1994 ఎన్నికల ఎజెండాను రాసింది. ఎన్టీఆర్ అధికారంలోకి రాగానే మద్య నిషేధం ప్రకటించారు. 1997లో అదే పార్టీ ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఎజెండా ఆడవాళ్లు రాయగలిగారు. దాన్ని నిలబెట్టుకునే చోట, పార్టీ లోపల, వాళ్లు లేరు.

స్త్రీలంటే ఏ స్త్రీలు?

జెండర్ అంతరం అన్న మాట అమెరికాలో 1980 ఎన్నికల తర్వాత వాడుకలోకి వచ్చింది. రీగన్‌కు మగవాళ్ల కంటే ఆడవాళ్లు దాదాపు 8 శాతం తక్కువగా ఓటేశారు. మొదటిసారి ఆడవాళ్లు వేరే విధంగా ఆలోచిస్తున్నారని పార్టీలు గుర్తించాయి. ఈ భావన మనకు ఉపయోగపడుతుంది, ఒక హెచ్చరికతో. 2016లో హిల్లరీ క్లింటన్‌కు నల్లజాతి స్త్రీలు నూటికి తొంభై మందికి పైగా ఓటేస్తే, తెల్లజాతి స్త్రీలు క్లింటన్ కంటే ట్రంప్ వైపే ఎక్కువగా మొగ్గారు. స్త్రీ ఓటు అని ఒక్కటిగా చెప్పిన సగటు అంకె వెనుక జాతి చీలిక దాగి ఉంది.

ఆదిలాబాద్‌లో ఇది ఇంకో రూపంలో ఉంది. ఎస్టీ జాబితా నుంచి లంబాడాలను తొలగించాలన్న డిమాండుతో 2017లో ఉట్నూరు ప్రాంతం అట్టుడికింది. ఆ ఉద్యమంలో ముందున్న తుడుందెబ్బ నాయకుడు సోయం బాపూరావు 2019లో బీజేపీ నుంచి ఆదిలాబాద్ ఎంపీ అయ్యారు. గోండు గూడెంలో స్త్రీ, లంబాడా తండాలో స్త్రీ, తూర్పున సింగరేణి కాలనీలో స్త్రీ ఒకే నియోజకవర్గపు ఓటర్లయినా ఒకే ప్రశ్నకు ఓటు వేయడం లేదు. పోడు భూమి పట్టా ఒకరి ప్రశ్న. వారసత్వ ఉద్యోగం ఇంకొకరిది. 'మహిళా ఓటు ఎటు?' అని అడిగే వార్తకు వీళ్లందరూ కలిసి ఒక్క జవాబు చెప్పాలి. చెప్పలేరు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

అసలు గేటు

అమెరికా భావనల్లో మన పుస్తకాలు తొందరగా దాటేసేది ప్రైమరీ. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటర్లే ముందుగా ఓటేసి తేల్చడం. 20వ శతాబ్దం మొదట్లో ఈ పద్ధతి వచ్చింది. 1972 నుంచి అధ్యక్ష అభ్యర్థి ఎంపికలో ఇదే నిర్ణాయకమైంది. ఆ 1972లోనే షిర్లీ చిషోమ్ అనే నల్లజాతి స్త్రీ ఎవరి అనుమతీ అడగకుండా డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీల్లో పోటీ చేసింది. గెలవలేదు, కానీ పోటీ చేయొద్దని ఆపగలిగిన ఆఫీసు లేదు. ప్రైమరీలు న్యాయమైనవని నేననను. వాటికి బోలెడు డబ్బు కావాలి. 2016లో క్లింటన్ ప్రైమరీలు గెలిచి, దేశం మొత్తం మీద ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు తెచ్చుకుని కూడా ఎలక్టోరల్ కాలేజీలో ఓడింది. 2024లో కమలా హారిస్ ప్రైమరీలు లేకుండానే అభ్యర్థి అయి ఓడింది. పద్ధతి మారితే పితృస్వామ్యం మాయమైపోదు. అయినా ఆ గేటు దగ్గర ఓటరుకు ఒక మాట ఉంది.

మన దగ్గర ఆ గేటు పేరు బీ ఫారం. పార్టీలో ఎవరు సంతకం చేయగలరో ఏ ఫారం చెప్తుంది, అభ్యర్థి ఎవరో బీ ఫారం చెప్తుంది. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు ఆ కాగితం ఎవరి పేరు మీద అధికారికి చేరితే వాళ్లదే గుర్తు. 2023 నవంబర్‌లో వేములవాడలో ఏం జరిగిందో గుర్తుందా? కరీంనగర్ జిల్లా పరిషత్ అధ్యక్షురాలిగా పనిచేసిన తుల ఉమ పేరును బీజేపీ జాబితాలో ప్రకటించింది. ఆఖరి రోజున బీ ఫారం మాత్రం మాజీ గవర్నర్ చెన్నమనేని విద్యాసాగర్‌రావు కుమారుడు వికాస్‌రావుకు వెళ్లింది. జిల్లా మొత్తాన్ని ఐదేళ్లు నడిపిన అనుభవం ఒక్క కాగితం ముందు నిలవలేదు. 2014లో చొప్పదండిలో గెలిచిన బొడిగె శోభకు 2018లో టీఆర్‌ఎస్ టికెట్ ఇవ్వలేదు. ఖానాపూర్‌లో 2014, 2018 రెండుసార్లూ గెలిచిన అజ్మీరా రేఖానాయక్‌కు 2023లో బీఆర్‌ఎస్ ఇవ్వలేదు. ఆమె కాంగ్రెస్‌లో చేరితే వాళ్లూ ఇవ్వలేదు. పార్టీలన్నీ వేరు, గేటు ఒక్కటే. ఈ ఇద్దరికీ టికెట్ నిరాకరించింది ఓటర్లు కాదు. పార్టీలే పక్కన పెట్టాయి. ఆసిఫాబాద్‌లో కోవ లక్ష్మి 2018లో 171 ఓట్లతో ఓడి, టికెట్ మళ్లీ దక్కడం వల్ల 2023లో గెలిచారు. ఓటర్లు ఆడవాళ్లను ఒప్పుకోరన్న సాకు ఇక్కడే తేలిపోతుంది.

ఇంకొక్క సంగతి మనం గమనించాలి. 2014లో తెలంగాణ శాసనసభకు తొమ్మిది మంది స్త్రీలు గెలిచారు. అందులో ముగ్గురు, మూడో వంతు, ఈ రెండు పాత జిల్లాల వాళ్లు. చొప్పదండి ఎస్సీ, ఖానాపూర్ ఎస్టీ, ఆసిఫాబాద్ ఎస్టీ. ముగ్గురూ రిజర్వుడు స్థానాల నుంచే. 1998, 1999లో పెద్దపల్లి ఎంపీగా గెలిచిన డాక్టర్ సుగుణకుమారిదీ ఎస్సీ స్థానమే. కరీంనగర్, ఆదిలాబాద్ లోక్‌సభ స్థానాల నుంచి 1952 మొదలు 2024 దాకా ఒక్క స్త్రీ కూడా పార్లమెంటుకు వెళ్లలేదు. 2024లో ఆదిలాబాద్‌లో ఉపాధ్యాయ ఉద్యోగం వదిలి కాంగ్రెస్ నుంచి నిలబడ్డ ఆత్రం సుగుణ ఓడిపోయారు. 2023లో పాత కరీంనగర్ జిల్లాలోని 13 శాసనసభ స్థానాల్లో గెలిచిన స్త్రీలు సున్నా. జనరల్ స్థానం అంటే ఆస్తి, కాంట్రాక్టులు, కులబలం ఉన్న మగవాడి స్థానమని అందరూ చెప్పకుండా ఒప్పుకున్న ఒప్పందం. 2014లో ఈ ప్రాంతంలో ఆ ఒప్పందానికి బయటి నుంచి లోపలికి రాగలిగింది దళిత, ఆదివాసీ, లంబాడా స్త్రీలే. అగ్రకుల, బీసీ స్త్రీల కంటే పేదరికమూ అవమానమూ ఎక్కువ మోసిన వాళ్లు ఈ పని చేశారంటే, రిజర్వేషన్ల మీద పెదవి విరిచే మన చదువుకున్న స్నేహితులు కొంచెం ఆగి ఆలోచించాలి. గెలిచినా ఏమైంది? 2014 నుంచి 2018 దాకా రాష్ట్ర మంత్రివర్గంలో ఒక్క స్త్రీ లేదు. పోరాటంలో బోనాలు, బతుకమ్మలు పట్టుకుని ముందు నడిచింది ఆడవాళ్లే. మొదటి ప్రభుత్వం మాత్రం మగవాళ్లతోనే నిండింది.

2018 పంచాయతీరాజ్ చట్టం ఊళ్లో సగం పదవులు స్త్రీలకిచ్చింది. 2023 సెప్టెంబర్‌లో పార్లమెంటు చట్టసభల్లో మూడో వంతు స్థానాల చట్టం చేసింది, జనగణనా నియోజకవర్గాల పునర్విభజనా అయ్యాకే అమలు అని షరతు పెట్టి. సీటు రిజర్వ్ అయినంత మాత్రాన బీ ఫారం మీద సంతకం చేసే చెయ్యి మారదు. సర్పంచి భర్తల్ని చూశాం. అదే పద్ధతి శాసనసభకు ఎక్కకుండా ఉండాలంటే అభ్యర్థుల ఎంపికలో పార్టీ సభ్యులైన స్త్రీలకు మాట ఉండాలని మనం ఇప్పుడే అడగాలి. పార్టీల అంతర్గత విషయమని వదిలేయకూడదు. కుటుంబం కూడా అంతర్గత విషయమనే ఒకప్పుడు మనకు చెప్పారు.

రాసేవాళ్లుగా, చదువు చెప్పేవాళ్లుగా మనకు ఇంకో పని కూడా ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలు పార్టీ గురించి తమ మాటల్లో చెప్పుకున్న 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. డిప్యూటీ స్పీకరుగా, మంత్రిగా పనిచేసిన దళిత నాయకురాలు టి.ఎన్.సదాలక్ష్మి జీవితాన్ని గోగు శ్యామల 2011లో 'నేనే బలాన్ని' పేరుతో పుస్తకం చేశారు. ఎన్నికల రాజకీయాలను లోపలి నుంచి చెప్పిన ఇలాంటి పుస్తకాలు రాజనీతిశాస్త్రం తరగతిలోకి రావడం లేదు, సాహిత్యమని పక్కన పెడుతున్నాం. ఓటింగ్ ప్రవర్తన అధ్యాయం పక్కన ఇవి ఉండాలి. సుగుణకుమారి, శోభ, రేఖానాయక్, కోవ లక్ష్మి, తుల ఉమ, ఆత్రం సుగుణ టికెట్ కోసం ఎవరి గుమ్మాల ముందు ఎన్ని గంటలు కూర్చున్నారో, ఏం విన్నారో వాళ్ల మాటల్లోనే రికార్డు చేయాలి. వాళ్ల రాజకీయాలతో మనకు ఏకీభావం ఉండాల్సిన పనిలేదు. ఓటు వేసిన బీడీ కార్మికురాలి లెక్కనూ, ఓటు వేయలేకపోయిన తల్లిగారింటి ఆడబిడ్డ కారణాన్నీ రాసుకోవాలి. ఈ పని ఈ రెండు జిల్లాల్లో ఉన్న అధ్యాపకులు, పరిశోధక విద్యార్థినులు మొదలుపెడితే చాలు, మన విద్యార్థులకు చెప్పడానికి మన భావనలు మనకుంటాయి. ఇందులో నాతో కలవగలిగిన వాళ్లు, విభేదించేవాళ్లు కూడా రాయండి.